అద్దె గదిలో మడిచి పెట్టుకునే డ్రాయింగ్ బల్ల: రెండు వేలలో అవుతుందా?

మొదటి సెమిస్టర్ | ఆగస్టు 3, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. హైదరాబాదులో మాసబ్ ట్యాంక్ దగ్గర ఒక గదిలో ముగ్గురం ఉంటున్నాం. ముగ్గురిదీ ఆర్కిటెక్చర్ మొదటి సంవత్సరమే. గది పది అడుగుల పొడవు, తొమ్మిది అడుగుల వెడల్పు. మూడు మంచాలు వేశాక నడిచే దారి మాత్రమే మిగిలింది. ఏ1 షీటు ఆ దారిలో నేల మీద పరిచి, మోకాళ్ళ మీద వంగి గీస్తున్నాం. మూడు వారాలకే నా నడుం పట్టేసింది. అంతకన్నా బాధ ఏంటంటే, షీటును ఏటవాలుగా చూస్తూ గీయడం వల్ల అక్షరాలన్నీ ఒక పక్కకి వాలిపోతున్నాయి. సబ్‌మిషన్ రోజు వచ్చేసరికి టెన్షన్.

కొనే బల్లల ధర చూశాను, అది మాకు అందదు. ఇంట్లో ఈ ఏడాది ఫీజుకే ఎంత కష్టపడ్డారో తెలుసు కాబట్టి మళ్ళీ అడగలేను. నా దగ్గర రెండు వేలు ఉన్నాయి. గోడకి బిగించే మడత బల్ల పెట్టుకుందామంటే ఇంటి ఓనరు మేకు కూడా కొట్టనివ్వరు.

అనుకుంటున్నది ఇది: 36 బై 24 అంగుళాల ప్లైవుడ్ ముక్క, కింద ఇస్త్రీ బల్లకి ఉన్నట్టు కత్తెర కాళ్ళు. పని అయ్యాక మడిచి మంచం కిందకి తోసేయాలి. డ్రిల్లింగ్ మిషన్ సీనియర్ అన్న ఇస్తానన్నాడు. ఇంతకు ముందు చెక్క పని చేయలేదు. దయచేసి చెప్పండి.

విశాఖ రంగులు | ఆగస్టు 3, రాత్రి 11:05

తమ్ముడూ, ముందు నడుం జాగ్రత్త. బల్ల వచ్చేదాకా నేల మీదే గీయాల్సి వస్తే ఒక పీట కింద రెండు ఇటుకలు పెట్టి వాలుగా చేసుకో, మెడ అంత వంగదు.

నేను ఇంట్లో బొమ్మలు వేస్తాను. నాలుగేళ్ళ క్రితం డబ్బు మిగులుతుందని పాత కంప్యూటర్ టేబుల్ పలకతో మడత బల్ల చేయించాను. అది పొట్టు నొక్కి చేసిన పార్టికల్ బోర్డు. మా వైజాగ్ సముద్రపు గాలికి మొదటి వానాకాలంలోనే అంచులు అటుకుల్లా ఉబ్బాయి. కీళ్ళకి కొట్టిన స్క్రూలు మూడో నెలలో ఊడి వచ్చేశాయి, పొట్టుకి పట్టు ఉండదు కదా. మడత బల్లలో బరువంతా కీలు దగ్గరే పడుతుంది. అందుకని పార్టికల్ బోర్డు ఎవరైనా ఉచితంగా ఇచ్చినా ఈ పనికి తీసుకోకు. ప్లై మాత్రమే.

డ్రాయింగు మాస్టారు | ఆగస్టు 4, ఉదయం 6:15

బాబూ, నేను ముప్పై ఏళ్ళు పాలిటెక్నిక్‌లో డ్రాయింగు చెప్పి రిటైరయ్యాను. చెక్క కోయించే ముందు ఒక్క విషయం చూసుకో. నీ 36 బై 24 కొలత తప్పు.

ఏ1 కాగితం 841 బై 594 మిల్లీమీటర్లు. 594 అంటే దాదాపు 23.4 అంగుళాలు. 24 అంగుళాల బల్ల మీద పైన, కింద కలిపి అర అంగుళం పైచిలుకు మిగులుతుంది. మినీ డ్రాఫ్టర్ (బోర్డుకి బిగించి గీతలు గీసే పరికరం) క్లాంపు ఎక్కడ బిగిస్తావు? కింది అంచున గీసేటప్పుడు మణికట్టు ఎక్కడ ఆనిస్తావు? టి-స్క్వేర్ (టి ఆకారంలో ఉండే పొడవాటి స్కేలు) తల ఆనించే ఎడమ అంచు దగ్గర కూడా కొంత చోటు ఉండాలి. అందుకే మన భారతీయ ప్రమాణాల్లో డ్రాయింగు బోర్డు కొలతలు కాగితం కన్నా పెద్దగా పెట్టారు. ఏ1కి డి1 బోర్డు, 1000 బై 700. ఏ2కి డి2, 700 బై 500. నీకు కావలసింది 1000 బై 700.

పాతకాలపు బోర్డులు మెత్తటి చెక్క పట్టీలు అతికించి చేసేవారు. వెనక రెండు అడ్డ బద్దలు ఉండేవి. ఆ బద్దలకి స్క్రూ కన్నం గుండ్రంగా కాక కాస్త పొడుగ్గా పెట్టేవారు, వానాకాలంలో చెక్క పెరిగితే స్క్రూ అందులో జరుగుతుందని. ఎడమ అంచులో ఎబొనీ అనే నల్లటి గట్టి చెక్క పట్టీ పొదిగేవారు, టి-స్క్వేర్ రాపిడికి అరగకుండా. బోర్డు అంటే నాలుగు పలకలు కాదు, ఒక పరికరం. నీ బల్లలో మిగతాది ఎలా ఉన్నా ఎడమ అంచు మాత్రం తిన్నగా ఉండాలి. ప్లై షీటు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అంచు ఉంటుంది చూడు, దాన్ని ఎడమ పక్కకి ఉంచుకో. దుకాణంలో కోసిన అంచు ఎంతైనా దానంత తిన్నగా ఉండదు.

మొదటి సెమిస్టర్ | ఆగస్టు 4, ఉదయం 8:02

మాస్టారూ, ఈ రోజు సాయంత్రమే కోయించేవాణ్ణి. ఆపించారు. చాలా థాంక్స్ అండి. కానీ కొలత పెరిగితే ఖర్చు కూడా పెరుగుతుందేమో అని భయం.

చిత్రిక | ఆగస్టు 4, మధ్యాహ్నం 1:40

తమ్ముడూ, నాది తెనాలి, వడ్రంగం పని. భోజనాల టైములో చూశాను. ఖర్చు పెరగదు, తగ్గుతుంది. నీతో పాటు ఇంకా ఇద్దరు నేల మీదే గీస్తున్నారు కదా. ముగ్గురూ కలిసి ఒక షీటు కొనండి.

ప్లై షీటు ఎనిమిది బై నాలుగు అడుగులు, అంటే 2440 బై 1220 మిల్లీమీటర్లు. పొడవులో 700 చొప్పున మూడు ముక్కలు వస్తాయి, 2100 అయింది. వెడల్పు 1220లో 1000 పోతుంది. అంటే మాస్టారు గారి కొలత బోర్డులు మూడు సరిగ్గా ఒకే షీటులో కూర్చుంటాయి. పక్కన 220 మిల్లీమీటర్ల పట్టీ నిలువునా మిగులుతుంది, చివర 340 ముక్క ఒకటి. అవి పారేయొద్దు, కాళ్ళకి అడ్డ పట్టీలు అందులోంచే వస్తాయి. ముక్క ముక్కగా కొంటే దుకాణంవాడు కోత నష్టం మీ మీదే వేస్తాడు.

షీటు బొమ్మ గీసుకుని తీసుకెళ్ళు. మూడు ముక్కలకీ 700 అంచు ఒకటి ఫ్యాక్టరీ అంచు అయ్యేలా కోయించు. షీటు పొడవు అంచునే మూడు బోర్డులకీ ఎడమ అంచుగా వాడుకోవచ్చు.

మందం 12 మిల్లీమీటర్లు చాలు. 18 వేస్తే బోర్డు ఒక్కటే ఎనిమిది కేజీల దాకా తూగుతుంది, రోజూ మడిచి ఎత్తడం కష్టం. 12 అయితే ఐదు కేజీల చిల్లర. వంగకుండా కింద పొడవు వెంట రెండు బద్దలు కొట్టుకో. గది లోపల వాడేదే కాబట్టి గాలిలో తేమని తట్టుకునే ఎమ్మార్ గ్రేడు కమర్షియల్ ప్లై సరిపోతుంది. షీటు మీద ఐఎస్ 303 అని ముద్ర ఉందో లేదో చూసుకో.

విశాఖ రంగులు | ఆగస్టు 4, మధ్యాహ్నం 2:30

అన్నా, హైదరాబాదుకి ఎమ్మార్ సరే. కానీ తీరం ఊళ్ళలో ఇది చదివి చేసుకునేవాళ్ళు నీటిని ఇంకా బాగా తట్టుకునే బీడబ్ల్యూఆర్ గ్రేడు ప్లై తీసుకోవాలని నా మాట. నీటి రంగులు వేసేవాళ్ళు ఎక్కడున్నా అదే తీసుకోవాలి. గిన్నె ఒక్కసారి ఒలికితే చాలు.

చిత్రిక | ఆగస్టు 4, రాత్రి 9:10

అక్కా, మీరన్నది నిజం. తడి తగిలే పనికి బీడబ్ల్యూఆరే. పెన్సిలు పనికి ఎమ్మార్.

ఇప్పుడు కాళ్ళ లెక్క. అడితిలో రెండు బై ఒకటి అంగుళాల రీపర్లు (సన్నటి పొడవాటి కర్రలు) దొరుకుతాయి. రబ్బరు చెక్క గానీ సిల్వర్ ఓక్ గానీ తీసుకో. టేకు అక్కర్లేదు. మామిడి చెక్క చవకే కానీ తొందరగా పుచ్చుతుంది, పొడి రాలుతుంది. పాత ఇళ్ళు పడగొట్టిన చెక్క అమ్మేచోట తలుపు వాసాలు దొరికితే ఇంకా మంచిది, అది ఆరాల్సినంత ఆరి ఉంటుంది, ఇక వంకర పోదు.

కత్తెర కాలు పొడవు ఎంత అని అందరూ తడబడతారు. మేస్త్రీలు మూల చూసే మూడు-నాలుగు-ఐదు లెక్క తెలుసు కదా, దాన్నే ఏడు రెట్లు చెయ్యి. 21, 28, 35. కాలు 35 అంగుళాలు, కాళ్ళ మధ్య ఎడం 21, అప్పుడు ఎత్తు 28 వస్తుంది. నడిమి బోల్టు సరిగ్గా 17½ దగ్గర. ఎడం 18కి తగ్గిస్తే ఎత్తు 30 అవుతుంది, కాబట్టి పైన రెండు గాళ్ళు కోసుకుంటే రెండు ఎత్తులు ఉంటాయి. పై చట్రం పట్టె, బోర్డు మందం కలుపుకుంటే ముందు అంచు నేల నుంచి 29½ దాకా వస్తుంది. మామూలు కుర్చీలో కూర్చుంటే అది సుఖమైన ఎత్తు.

పై చట్రం 30 బై 24. బయటి జత కాళ్ళు చట్రానికి ముందు వైపు బోల్టుతో. లోపలి జత కాళ్ళ పైన ఒక అడ్డ కర్ర, అది వెనక గాళ్ళలో కూర్చుంటుంది. బల్ల ఎత్తి జరిపినప్పుడు ఆ కర్ర గాడిలోంచి జారకుండా చిన్న గడియ ఒకటి పెట్టు. ఇది మరిచిపోతే బల్ల కూలుతుంది, వేళ్ళు నలుగుతాయి. మా షెడ్డులో కుర్రాడికి గోరు ఊడింది, అందుకే గట్టిగా చెబుతున్నాను.

డాలస్ గ్యారేజి | ఆగస్టు 5, ఉదయం 7:30

చిత్రిక గారి లెక్క చాలా బాగుంది. ఒక చిన్న హెచ్చరిక. ఇక్కడ అమెరికాలో టూ బై ఫోర్ అని అమ్మే చెక్క నిజానికి ఒకటిన్నర బై మూడున్నర అంగుళాలే ఉంటుంది. నేను మొదటిసారి పేరు నమ్మి కొలతలు వేసి, లోపలి చట్రం బయటి దాంట్లో వదులై మొత్తం మళ్ళీ చేశాను. మన దగ్గర కూడా రెండు బై ఒకటి రీపరు చిత్రిక పట్టాక అంత ఉండదు. ముందు రీపరు తెచ్చుకుని, టేపు పెట్టి కొలిచి, ఆ తర్వాతే లోపలి జత వెడల్పు నిర్ణయించు. బయటి జత లోపలి ఎడం ఎంతో చూసి, అందులోంచి రెండు కాళ్ళ మందం కాదు, రెండు వాషర్ల మందమే తీసేసి లోపలి జత బయటి వెడల్పు పెట్టుకో.

చిత్రిక | ఆగస్టు 5, మధ్యాహ్నం 1:15

అవునండి, చిత్రిక పట్టిన రీపరు ఒక్కో వైపు సూత్, సూత్‌న్నర పోతుంది. ఒక సూత్ అంటే అంగుళంలో 8వ వంతు. ఈ మాట నేనే ముందు చెప్పాల్సింది.

మొదటి సెమిస్టర్ | ఆగస్టు 5, రాత్రి 11:50

రూమ్మేట్స్ ఇద్దరూ ఒప్పుకున్నారు! ముగ్గురం ఆదివారం వెళ్తున్నాం. ఇంకో రెండు సందేహాలు. వాలు ఎలా పెట్టాలి, ఎంత పెట్టాలి? రెండోది, మా సీనియర్ చేసుకున్న మడత బల్ల రబ్బరుతో చెరిపినప్పుడల్లా పక్కలకి ఊగుతుంది. అలా కాకుండా ఏం చేయాలి?

డ్రాయింగు మాస్టారు | ఆగస్టు 6, ఉదయం 6:05

మినీ డ్రాఫ్టర్‌తో గీయడానికి 15 డిగ్రీల దగ్గర పెట్టుకో. అంతకన్నా నిటారుగా పెడితే పెన్సిలు, సెట్ స్క్వేర్ జారతాయి. చేత్తో స్కెచ్ వేసేటప్పుడు 30 బాగుంటుంది, కళ్ళకి కాగితం ఎదురుగా ఉంటుంది కాబట్టి దూరం, దగ్గర వంకర కనబడవు. నీ అక్షరాలు వాలిపోవడానికి కారణం ఇదే బాబూ. చేతిది కాదు తప్పు.

700 బోర్డు 15 డిగ్రీలకి లేపితే వెనక అంచు ఏడు అంగుళాలు లేస్తుంది. 30కి దాదాపు పద్నాలుగు.

చిత్రిక | ఆగస్టు 6, రాత్రి 9:30

మీ తాతగారింట్లో గుడ్డ వాలుకుర్చీ చూసే ఉంటావు. వెనక కర్రని ఒక్కో గాడిలోకి జరిపితే వాలు మారుతుంది కదా. అదే పద్ధతి. బోర్డుని ముందు అంచున పియానో కీలుతో (అంచు పొడవునా ఉండే సన్నటి కీలు) పై చట్రానికి బిగించు. కీలు నుంచి 14 అంగుళాల దూరంలో, బోర్డు కింద, 9 అంగుళాల ఊత కర్రలు రెండు చిన్న బందులతో పెట్టు. చట్రం పక్క పట్టెలకి లోపలి వైపు ఒక్కో బద్ద కొట్టి, అందులో గాళ్ళు కొయ్యి. కీలు నుంచి 21¾ దగ్గర గాడి వేస్తే 15 డిగ్రీలు, 20¾ దగ్గర 20, 17¾ దగ్గర 30. కోసే ముందు మాత్రం బోర్డు లేపి, ఊత ఆనించి, పెన్సిలుతో గుర్తు పెట్టుకో. బందు ఎక్కడ కూర్చుందో దాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ జరుగుతుంది. రెండు వైపులా గాళ్ళు ఒకేసారి గుర్తు పెట్టాలి, లేకపోతే బోర్డు మెలి తిరుగుతుంది.

ఇక ఊగడం. నలభై బల్లలు బాగుచేసిన వాడిగా చెబుతున్నా, ఊగే బల్లకి చెక్క లావు చేసి లాభం లేదు. నాలుగు కర్రలు నాలుగు మూలల్లో ఒక్కో స్క్రూతో కలిపితే అది పతంగం చట్రంలా పక్కకి వాలిపోతుంది. మూలని పట్టి ఉంచేది వెడల్పాటి పట్టీ. నీ షీటులో మిగిలిన 220 పట్టీ ఉంది చూడు, అందులోంచి నాలుగు అంగుళాల వెడల్పు ముక్కలు కోసి ఒక్కో జత కాళ్ళకి కింది భాగంలో అడ్డంగా ఫెవికాల్ పెట్టి, ప్రతి చివరా మూడేసి స్క్రూలు, ఒకే వరసలో కాకుండా త్రికోణంలో కొట్టు. ఊగితే నన్ను అడుగు.

నడిమి బోల్టుకి మామూలు నట్టు వేస్తే మడిచే కొద్దీ వదులవుతుంది. లోపల నైలాన్ రింగు ఉండే నట్టు దొరుకుతుంది, నైలాక్ నట్టు అని అడుగు. చెక్కకి చెక్కకి మధ్య, బయట కూడా వాషర్లు వెయ్యి.

విశాఖ రంగులు | ఆగస్టు 6, రాత్రి 10:15

కాళ్ళు నున్నటి టైల్స్ మీద పక్కలకి జారకుండా కింది రెండు అడ్డ పట్టీలని ఒక నవారు ముక్కతో కట్టు. 21 అంగుళాల దగ్గర బిగుసుకోవాలి. నైలాన్ నవారు మడిచినప్పుడు అడ్డం రాదు. గొలుసులాగా చప్పుడు కూడా ఉండదు. కాళ్ళ చివర ఏటవాలుగా కోసి పాత సైకిల్ ట్యూబు ముక్క అంటించుకో.

పైకి సన్‌మైకా వేస్తారు కదా, మెరిసేది తీసుకోవద్దు. రాత్రి ట్యూబ్‌లైట్ అందులో పడి కళ్ళు మండుతాయి. తెలుపు మ్యాట్. ఇంకోటి, నేను చేసిన రెండో తప్పు ఇది: పైన ఒక్క వైపే సన్‌మైకా అంటించాను. నెల తిరిగేసరికి బోర్డు పళ్ళెంలా పైకి లేచింది. 12 మిల్లీమీటర్లకి ఇది తప్పదు. రెండో వైపు చవక రకం అయినా సరే, వెయ్యాల్సిందే.

మొదటి సెమిస్టర్ | ఆగస్టు 17, రాత్రి 9:05

రాణీగంజ్‌లో పియానో కీళ్ళు, నట్లు కొన్నాం. ప్లై, సన్‌మైకా మా గది దగ్గర దుకాణంలోనే. షీటు బొమ్మ గీసుకుని వెళ్ళామని దుకాణంలో పెద్దాయన చాలా సంతోషించి దగ్గరుండి కోయించారు. మూడు బోర్డులకీ మూల నుంచి మూలకి కొలిచాం. రెండు వైపులా 1221 మిల్లీమీటర్లు ఉండాలని లెక్క వేసుకున్నాం. రెండిటికి సరిగ్గా వచ్చింది, మూడోదానికి మూడు మిల్లీమీటర్లు తేడా. అది తేడా ఉన్నా ఎడమ అంచు ఫ్యాక్టరీదే కాబట్టి మాస్టారి మాట ప్రకారం ఏమీ కాదనుకున్నాం.

ఒక్కొక్కరికి పడింది: ప్లై 640, రెండు వైపులా సన్‌మైకా 480, రీపర్లు 520, కీలు, బోల్టులు, స్క్రూలు 290, ఫెవికాల్, గరుకు కాగితం 160, కోత కూలి 100. మొత్తం 2,190. అనుకున్నదాని కన్నా 190 ఎక్కువ. సన్‌మైకా అంటించి మూడు బోర్డులూ ఒకదాని మీద ఒకటి పెట్టి, పైన పుస్తకాల పెట్టెలన్నీ, నీళ్ళ క్యాన్ పెట్టి ఒక రోజంతా వదిలేశాం. ఆ రాత్రి మంచాల మీదే కూర్చుని తిన్నాం, కింద చోటు లేక.

మొదటి బల్ల చేయడానికి రెండు రోజులు పట్టింది. మూడోది ఐదు గంటల్లో అయిపోయింది. చిత్రిక అన్నా, నిజంగా ఊగడం లేదు. రెండు చేతులతో రబ్బరు పెట్టి చెరిపి చూశాను.

రెండో మంచం | ఆగస్టు 17, రాత్రి 9:40

నేను వీడి రూమ్మేట్‌ని. ఇది చదవడానికే ఖాతా తెరిచాను. అందరికీ దండాలు. మడిస్తే నాలుగు అంగుళాల మందం ఉంది, మూడూ నిలబెట్టి తలుపు వెనక పెట్టాం. ఒక్క సమస్య, సన్‌మైకా మీద పెన్సిలు గట్టిగా నొక్కితే గీత గరగరలాడుతుంది, కాగితం కింద రాయి ఉన్నట్టుంది.

డ్రాయింగు మాస్టారు | ఆగస్టు 18, ఉదయం 6:10

పాడైన షీట్లు రెండు మూడు ఉంటాయి కదా, అవి కింద పరిచి నాలుగు మూలలా టేపు వేసి ఉంచు. మెత్తదనం వస్తుంది, హెచ్ పెన్సిలు గీత శుభ్రంగా పడుతుంది. దీపం ఎడమ వైపు నుంచి రావాలి, ఎడమ చేత్తో గీసేవాడైతే కుడి నుంచి.

ఇంకో పని చెయ్యండి. టి-స్క్వేర్‌తో అడ్డంగా ఒక గీత, సెట్ స్క్వేర్‌తో దానికి లంబంగా ఒక గీత గీసి, సెట్ స్క్వేర్‌ని బోర్లా తిప్పి అదే చోట మళ్ళీ గీయండి. రెండూ కలిసిపోతే పరికరం సరైనదే. తేడా వస్తే బల్లని తిట్టకుండా సెట్ స్క్వేర్ మార్చుకోండి. పిల్లలు ముగ్గురూ కలిసి చేసుకున్నారని చదివితే మనసు నిండింది.

చిత్రిక | ఆగస్టు 18, మధ్యాహ్నం 1:30

తమ్ముళ్ళూ, బాగా చేశారు. నెల తర్వాత స్క్రూలన్నీ ఒకసారి బిగించండి. కొత్త చెక్క ఆరుతూ కాస్త కుదించుకుంటుంది. తలుపు వెనక గోడ చెమ్మగా ఉంటే నేల మీద నేరుగా పెట్టకుండా కింద రెండు బద్ద ముక్కలు వెయ్యండి, చెదలు కూడా కనబడతాయి.

రెండో మంచం | సెప్టెంబర్ 20, రాత్రి 12:15

అన్నా, స్క్రూలు బిగించాం. నా బల్ల ఒక్కటే తెరిచేటప్పుడు కిర్రుమంటోంది. రాత్రి లేటుగా గీస్తుంటే మూడో వాడు నిద్ర లేస్తున్నాడు. నూనె వెయ్యనా?

చిత్రిక | సెప్టెంబర్ 20, ఉదయం 5:50

నూనె వద్దు, చెక్క పీల్చి నల్లబడుతుంది, ఆ మరక షీటుకి అంటుతుంది. నడిమి బోల్టు తీసి, వాషరు ఆనే చోట కొవ్వొత్తి రుద్ది మళ్ళీ బిగించు.

రెండో మంచం | సెప్టెంబర్ 20, రాత్రి 10:30

రుద్దాను అన్నా. చప్పుడు పోయింది. మా క్లాసులో ఇంకో ఆరుగురు షీటు బొమ్మ అడిగారు, కాపీలు తీసి ఇచ్చాం. ఇద్దరు అమ్మాయిలు హాస్టల్లో నిలబడి గీస్తారట, వాళ్ళకి ముందు అంచు 38 అంగుళాలు కావాలి. కాళ్ళు ఎంత పొడవు పెట్టమనాలి?

చిత్రిక | సెప్టెంబర్ 21, మధ్యాహ్నం 1:20

పై చట్రానికి, బోర్డుకి ఒకటిన్నర పోగా 36½ ఎత్తు రావాలి. ఎడం 21 అలాగే ఉంచితే కాలు 42 అంగుళాలకి ఒక సూత్ ఎక్కువ. 42 పెట్టమను. నడిమి బోల్టు 21 దగ్గర. ఎత్తు పెరిగింది కాబట్టి కింది అడ్డ పట్టీ ఒకటి చాలదు, మోకాలి ఎత్తులో రెండోది కూడా కొట్టమని తప్పకుండా చెప్పు.